పొగచూరని లప్సాంగ్ టీ: రుచి చూసేదెలా, పెట్టేదెలా

“అంత డబ్బు పెట్టి తెప్పించాను. మన టీలాగే మరిగించాను. ఒక్క గుక్క కూడా మింగలేకపోయాను. ఆకు మంచిది కాదా, నేను పెట్టడమే తప్పా?” చైనా బ్లాక్ టీ కొన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. విడివిడిగా జవాబు చెప్పేకంటే మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తే మేలనిపించింది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పొయ్యి నీళ్ళకే, ఆకుకు కాదు. మన ఇళ్ళలో వాడే టీపొడి చాలామటుకు సీటీసీ రకం. యంత్రంలో నలిగి, తెగి, పలుకులుగా మారిన ఆ పొడి పాలల్లో ఎంతసేపు మరిగినా తట్టుకుంటుంది. మనం ఇప్పుడు చెప్పుకునే టీ సన్నగా మెలితిరిగిన ఆకు. వేడినీళ్ళు తగిలితే చాలు, తనలో ఉన్నది ఇచ్చేస్తుంది. మరిగిస్తే దాని తీపి వగరు కింద అణిగిపోతుంది.

ఇది ఏ టీ?

లప్సాంగ్ సూచాంగ్ పేరు విన్నవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది కట్టెలపొయ్యి వాసన. ఈ టీ పుట్టిల్లు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం, వూయీ కొండల్లో ఉన్న తోంగ్‌ము ఊరు. అక్కడ దీన్ని జెంగ్‌షాన్ శ్యావ్‌జోంగ్ అంటారు. అసలు కొండలో పండిన చిన్న రకం అని అర్థం. పైన్ కట్టెలు మండించి, ఆ వేడికీ పొగకూ ఆకును వాడబెట్టి, ఆరబెట్టడం పాత పద్ధతి. అదే ఊళ్ళో, అవే మొక్కల ఆకును పొగ తగలనివ్వకుండా కూడా చేస్తారు. 2005లో తోంగ్‌ములోనే లేత మొగ్గలతో జిన్ జున్ మెయ్ అనే పొగ లేని టీ తయారుచేశారు. దానికి చైనాలో పెద్ద పేరొచ్చాక పొగచూరని శ్యావ్‌జోంగ్‌నూ జనం వెతుక్కుని కొనడం మొదలుపెట్టారు. ఈ వ్యాసం దాని గురించే.

చైనావాళ్ళు బ్లాక్ టీని హోంగ్ చా, అంటే ఎర్ర టీ అంటారు. కప్పులోని రంగును బట్టి పెట్టిన పేరది. మనం అనే ‘టీ’ కూడా ఈ ఫుజియన్ తీరంలో పలికే మాటే. ఓడలెక్కి యూరప్ చుట్టి మన నోటికి చేరింది. తెలంగాణలో వినిపించే ‘చాయ్’ మాత్రం చైనాలో మిగతా చోట్ల పలికే ‘చా’ నుంచి నేల దారిన వచ్చింది.

పొగ తీసేస్తే ఏం మిగులుతుంది? నాకు తెలిసేవి మూడు: తేనె, ఎండు ఖర్జూరం, ఉడికిన చిలగడదుంప. వినడానికి కాస్త అతిగా ఉందనిపించవచ్చు. కింద చెప్పినట్టు వరసగా చేసి చూడండి, తర్వాత మీరే చెప్పండి.

కావలసినవి

- పొగచూరని జెంగ్‌షాన్ శ్యావ్‌జోంగ్, 25 నుంచి 50 గ్రాములు. మొదటిసారే పావుకిలో కొనకండి. ప్యాకెట్ మీద ‘లప్సాంగ్’ అని మాత్రమే ఉంటే అది పొగ పట్టినదో కాదో అమ్మేవాళ్ళను అడిగి తెలుసుకోండి.
- మంచినీళ్ళు. వీటి గురించి కింద విడిగా చెప్పాను.
- కెటిల్, లేదా మూత ఉన్న గిన్నె.
- గైవాన్: మూత, సాసర్ ఉన్న చిన్న పింగాణీ కప్పు, 100 నుంచి 120 మిల్లీలీటర్లది. లేకపోతే మామూలు పింగాణీ మగ్గు, దాని మీద మూయడానికి ఒక సాసర్.
- లోపల తెల్లగా ఉన్న కప్పులు రెండు. స్టీలు గ్లాసులో రంగు తెలియదు.
- సన్న రంధ్రాల టీ జల్లెడ.
- 0.1 గ్రాము వరకు చూపించే చిన్న తూకం. లేకపోతే టీ చెంచాతో నిండుగా ఒకటి సుమారు 2 గ్రాములు అనుకోండి. ఆకు పొడవుగా, గుల్లగా ఉంటే చెంచాకు ఇంకా తక్కువే పడుతుంది.
- ఫోన్‌లో టైమర్.

కాఫీ ఫిల్టర్‌లో వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. చుక్కచుక్కగా దిగేసరికి పది నిమిషాలు దాటుతుంది, అప్పటికి వగరు మొత్తం దిగిపోతుంది. ఇంగువ, మసాలా వాసన ఒకసారి పట్టిన జల్లెడ కూడా పనికిరాదు. దీనికోసం కొత్తది ఒకటి పక్కన పెట్టుకోండి.

1. నోరు సిద్ధం చేసుకోండి

ఆవకాయ అన్నం తిని వెంటనే కూర్చుంటే ఏ టీ అయినా ఒకేలా ఉంటుంది. తిన్నాక, పళ్ళు తోముకున్నాక కనీసం గంట ఆగండి. వక్కపొడి, కిళ్ళీ అలవాటు ఉంటే ఇంకా ఎక్కువసేపు. పరగడుపున మాత్రం వద్దు, కొందరికి కడుపులో తిప్పుతుంది. నాలుగు మరమరాలు నమిలి నీళ్ళు తాగితే నోరు శుభ్రపడుతుంది. ఒక కప్పుకూ ఇంకో కప్పుకూ మధ్య కూడా అవే చాలు.

2. పొడి ఆకును చూడండి, వాసన చూడండి

తెల్ల కాగితం మీద చిటికెడు ఆకు పరవండి. నలుపు, ముదురు గోధుమ రంగు కలిసి, సన్నగా మెలితిరిగి, కొంచెం నిగనిగలాడుతూ ఉండాలి. అక్కడక్కడ బంగారు రంగు మొగ్గలు కనిపించవచ్చు. కనిపించకపోయినా తప్పు లేదు. శ్యావ్‌జోంగ్‌కు మొగ్గతోపాటు రెండు మూడు ఆకులూ కోస్తారు. ఒక ఆకును వేళ్ళ మధ్య విరిచి చూడండి. టప్పున విరిగితే బాగా ఆరి ఉన్నట్టు. వంగిందంటే చెమ్మ తగిలింది.

ఇప్పుడు గైవాన్‌లో వేడినీళ్ళు పోసి పారబోయండి. ఆ వేడి, తడి కప్పులో 5 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, రెండుసార్లు నెమ్మదిగా ఊపండి. అర నిమిషం ఆగి మూత కొంచెం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. ప్యాకెట్‌లో ముక్కు పెట్టి చూసినప్పుడు అందని వాసన ఇక్కడ అందుతుంది. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు శివరాత్రి రోజు మా వంటింటి వాసన వచ్చింది. ఉపవాసం కోసం ఉడికించిన చిలగడదుంపల తొక్క ఒలుస్తుంటే లేచే ఆవిరి, ఆ తీపి, కాస్త మట్టి వాసన. టీ ఆకులోంచి అది రావడం నమ్మలేక మూత మూసి, మళ్ళీ తెరిచి చూశాను. అదే వాసన. మీకు ఇంకేదైనా గుర్తు రావచ్చు. ఏది వస్తే అదే రాసుకోండి. అమ్మేవాళ్ళు ప్యాకెట్ మీద రాసిన పేర్లతో సరిపోవాలని లేదు.

హెచ్చరిక: పొడి ఆకే గుప్పుమని అత్తరులా కొడితే అనుమానించండి. ఒకే ఆకు మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి టీ పెట్టినప్పుడు, పైనుంచి పూసిన సువాసన మొదటి నీళ్ళలో బలంగా ఉండి మూడో నీళ్ళకు బొత్తిగా మాయమవుతుంది. ఆకు సొంత వాసన మెల్లమెల్లగా తగ్గుతుంది.

రంగు కలిపారేమో అన్న భయం ఉంటే, వడపోత కాగితం మీద ఆకు పరిచి నీళ్ళు చిలకరించండి. కాగితానికి వెంటనే మరక పట్టిందంటే ఆ ఆకు వాడకండి. మంచి ఆకు రంగు దిగడానికి సమయం తీసుకుంటుంది.

3. నీళ్ళు సరిచూసుకోండి

కప్పులో ఉండేది దాదాపు అంతా నీళ్ళే. అందుకే ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

బోరు నీళ్ళతో పెడితే రంగు నల్లబడుతుంది, కప్పు పైన సన్నటి తెట్టు కడుతుంది, వాసన అణిగిపోతుంది. ఆకు చెడిపోయిందని చాలామంది అనుకునేది నిజానికి ఈ నీళ్ళ పనే. ఆర్‌ఓ నీళ్ళు దీనికి ఎదురు. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) 20, 30కి పడిపోయిన నీళ్ళలో టీ తేటగానే ఉంటుంది కానీ చప్పగా, బలం లేకుండా ఉంటుంది. 50 నుంచి 150 మధ్య ఉన్న నీళ్ళు ఈ టీకి నప్పుతాయి. టీడీఎస్ మీటర్ చౌకగానే దొరుకుతుంది. అది లేకుండానే తేల్చుకోవాలంటే ఇలా చేయండి: రెండు కప్పుల్లో రెండేసి గ్రాముల ఆకు, ఒకదానిలో ఇంటి ఆర్‌ఓ నీళ్ళు, రెండోదానిలో మూడు వంతుల ఆర్‌ఓకు ఒక వంతు మున్సిపల్ కుళాయి నీళ్ళు కలిపి మరిగించి పోయండి. మూడు నిమిషాల తర్వాత రెండూ వరసగా తాగండి. ఏది వాడాలో నాలుకే తేలుస్తుంది. క్లోరిన్ వాసన వచ్చే నీళ్ళైతే రాత్రంతా మూత తీసి ఉంచి, తెల్లారి వాడండి.

వేడి సంగతి: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విశాఖలో 100 దగ్గర. ఈ రెండు డిగ్రీలకు టెన్షన్ పడాల్సిన పని లేదు.

4. ముందు గట్టిగా పరీక్షించండి

ఈ మెట్టును అందరూ దాటేస్తారు. దయచేసి దాటకండి. కొత్త ప్యాకెట్ తెరిచిన ప్రతిసారీ ఒక్క కప్పు ఇలా పెట్టాలి. ఇది తాగి ఆనందించడానికి కాదు, ఆకులో ఉన్న లోపాలు బయటపెట్టడానికి. మెత్తగా పెడితే సగటు ఆకు కూడా బాగానే అనిపిస్తుంది. గట్టిగా పెట్టినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

కొలత: 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల సలసల కాగిన నీళ్ళు, మూత పెట్టి 5 నిమిషాలు. చైనాలో బ్లాక్ టీని పరీక్షించే ప్రమాణం ఇదే. అంతర్జాతీయంగా వాడే ఐఎస్‌ఓ 3103లోనూ పాళ్ళు ఇవే, 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు. సమయం మాత్రం 6 నిమిషాలు.

టైమర్ మోగగానే మొత్తం తెల్ల కప్పులోకి వడగట్టండి. ఆకును చెంచాతో నొక్కి పిండకండి.

ముందు రంగు చూడండి. ఎరుపు కలిసిన కాషాయం, తేటగా, కప్పు అడుగు కనిపించేలా ఉండాలి. కప్పు అంచు చుట్టూ, టీ పింగాణీని తాకేచోట, సన్నటి పసుపు గీత మెరుస్తుంది. కప్పును కిటికీ దగ్గర పెట్టి కొంచెం వంచితే బాగా కనిపిస్తుంది. చైనాలో దీన్ని బంగారు వలయం అంటారు. అది ఉంటే ఆకు సరిగ్గా పులిసినట్టు. కోసిన ఆకు గాలి తగిలి ఎర్రబడడాన్నే టీ విషయంలో పులియడం అంటారు.

తర్వాత రుచి. పెదవి తట్టుకునేంత వేడికి వచ్చేదాకా ఆగండి. చెంచాతో కొంచెం తీసుకుని శబ్దం వచ్చేలా జుర్రండి. చారు జుర్రినట్టే, మొహమాటం వద్దు. గాలి కలిస్తేనే వాసన ముక్కు వెనకదాకా చేరుతుంది. నోరంతా తిప్పి, సగం మింగి, ఊరికే ఉండండి. మూడు ప్రశ్నలు వేసుకోండి: తగలగానే ఏం తెలిసింది? మింగాక నాలుక మీద ఏం మిగిలింది? నిమిషం తర్వాత గొంతులో ఏముంది?

ఇక్కడ చేదుకూ వగరుకూ తేడా పట్టుకోవాలి. కాకరకాయది చేదు. పచ్చి అరటికాయ, వక్క, నేరేడు పండు వగరు. చేదు ఒక రుచి. వగరు బుగ్గల లోపలి చర్మాన్ని పట్టి లాగినట్టుండే ఒక బిగువు. మంచి శ్యావ్‌జోంగ్‌ను 5 నిమిషాలు నానబెట్టినా చేదు పెద్దగా రాదు, వగరు మాత్రం కొంత వస్తుంది. ఆ వగరు అర నిమిషంలో కరిగి తీపిగా మారుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగితే నీళ్ళే తియ్యగా అనిపిస్తాయి కదా, అలాంటి తీపి. చైనావాళ్ళు దాన్ని హుయ్ గాన్ అంటారు, తిరిగొచ్చే తీపి అని. అది వచ్చిందంటే మీ డబ్బు వృథా కాలేదు.

చివరగా ఆ కప్పును కదపకుండా పూర్తిగా చల్లారనివ్వండి. మజ్జిగ చుక్క పడినట్టు మసకబారితే కంగారు పడకండి. టీలోని కెఫీన్, రంగునిచ్చే పదార్థాలు చల్లబడ్డాక ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది సారం ఉన్న ఆకుకు గుర్తు. మళ్ళీ వేడి చేస్తే తేటపడుతుంది. వేడిగా ఉన్నప్పుడే మడ్డిగా ఉంటే మాత్రం లోపమే.

5. తడి ఆకును చదవండి

నానిన ఆకును సాసర్‌లో పరవండి. ఇది చూడకుండా పారబోసేవాళ్ళే ఎక్కువ. రాగి చెంబు రంగు, వేళ్ళ మధ్య మెత్తగా సాగినట్టు ఉంటే మంచిది. కనిపించే తేడాలు ఇవీ:

- ఆకులో పచ్చ మచ్చలు, కప్పులో పచ్చిగడ్డి వాసన: సరిగ్గా పులియలేదు.
- బొగ్గులా నల్లగా, విచ్చుకోకుండా గట్టిగా ఉంటే: ఎక్కువ కాల్చారు. టీలో కమురు వాసన వస్తుంది.
- పులుపు: ఎక్కువ పులిసింది, లేదా చెమ్మ తగిలింది.
- ముక్కిన వాసన: నిల్వలో చెడింది. ఇది తాగకండి.
- సన్నగా పొగ: తోంగ్‌ములో రెండు రకాలూ చేస్తారు కాబట్టి పొగ లేనిదాంట్లోనూ కొన్నిసార్లు ఒక ఛాయ ఉంటుంది. ప్యాకెట్ తెరిచి, పొడిగా, ఏ వాసనా లేని చోట రెండు మూడు రోజులు ఉంచితే తగ్గుతుంది. తగ్గకుండా గట్టిగా ఉంటే అది పొగ పట్టిన టీయే, మీకు వేరే రకం ఇచ్చారు.

6. ఇప్పుడు తాగడానికి పెట్టండి: మగ్గు పద్ధతి

రోజూ తాగడానికి ఇదే సులువు. మగ్గును వేడినీళ్ళతో కడిగి, 200 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు వేయండి. నీళ్ళు సలసల కాగాక పొయ్యి ఆపి, మూత తీసి రెండు నిమిషాలు ఆగి పోయండి. 92 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే చాలు. సాసర్‌తో మూసి 2 నిమిషాలు ఆగి, రుచి చూసి, చాలకపోతే ఇంకో అర నిమిషం. 3 నిమిషాలు దాటనివ్వకండి. మొత్తం ఒక్కసారిగా వేరే కప్పులోకి వడగట్టాలి. ఆకును నీళ్ళల్లో ఉంచి తాగుతూ కూర్చుంటే చివరి సగం వగరెక్కుతుంది. అదే ఆకుతో రెండోసారి 4 నిమిషాలు పెట్టుకోవచ్చు.

7. గైవాన్ పద్ధతి

ఆదివారం పొద్దున్నలాంటి తీరిక ఉన్నప్పుడు ఇది. ఆకు ఎక్కువ, నీళ్ళు తక్కువ, సమయం సెకన్లలో. ఒకే ఆకు ఆరేడు కప్పులిస్తుంది, ఒక్కోటి ఒక్కో రుచి. నన్నడిగితే ఈ టీ పూర్తిగా తెలిసేది ఇందులోనే.

110 మిల్లీలీటర్ల గైవాన్‌కు 5 గ్రాముల ఆకు. నీళ్ళు మగ్గు పద్ధతిలో చెప్పినంత వేడి. అంచు పొడవునా సన్న ధారగా పోయండి, ఆకు నడిమీద ఎత్తునుంచి పోస్తే వగరు త్వరగా దిగుతుంది. పోసి, మూత పెట్టి, లెక్క మొదలుపెట్టండి:

మొదటి నీళ్ళు 8 సెకన్లు, రెండోది 8, మూడోది 10, నాలుగోది 15, ఐదోది 25, ఆరోది 40, ఏడోది నిమిషంన్నర.

ప్రతిసారీ చివరి చుక్కదాకా వంపేయాలి. అడుగున మిగిలిన రెండు చెంచాల నీళ్ళే తర్వాతి కప్పును పాడుచేస్తాయి.

చేయి కాలకుండా: నీళ్ళు అంచుదాకా పోయకండి, విచ్చుకున్న అంచుకు కొంచెం కిందే ఆపండి. బొటనవేలు, మధ్యవేలు అంచు మీద, చూపుడువేలు మూత బొడిపె మీద. మూతను ఒక పక్కకు జరిపి సన్నటి సందు వదిలి వంచండి. ముందు రెండు రోజులు చన్నీళ్ళతో సాధన చేయండి. పిల్లలు తిరిగేచోట వద్దు.

మొదటి నీళ్ళు కడుగుడుగా పారబోయాలా? చాలామంది పారబోస్తారు. ఈ టీకి నేను పారబోయను. తేనె వాసన ఎక్కువగా ఉండేది ఆ మొదటి నీళ్ళలోనే. మంచిచోట కొన్న ఆకుకు ఆ కడుగుడు అక్కర్లేదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి రెండు కప్పుల్లో వాసన ముందుంటుంది. మూడు, నాలుగులో చిక్కదనం వస్తుంది. ఖర్జూరం, తాటిబెల్లం గుర్తొచ్చేది అక్కడ. ఐదు నుంచి పలచబడుతూ తీపి మాత్రం మిగలాలి. రెండో కప్పుకే వగరు పట్టిందంటే సెకన్లు సగానికి తగ్గించండి. మూడో కప్పుకే చప్పబడితే ఆకు తూకం సరిచూడండి. తూకం సరిగ్గానే ఉంటే ఆకు పాతదో, నాసిదో. వంపాక ఖాళీ కప్పును వాసన చూడండి, చల్లారుతున్న కప్పులో బెల్లం వాసన నిలవాలి.

8. ఎండాకాలానికి చల్లటి టీ

5 గ్రాముల ఆకు, అర లీటరు చల్లటి తాగునీళ్ళు, మూత ఉన్న గాజు సీసా. ఫ్రిజ్‌లో 6 నుంచి 8 గంటలు ఉంచి వడగట్టండి. వగరు దాదాపు ఉండదు. చేయి తిరగనివాళ్ళు ముందు ఇదే చేసుకోవచ్చు, చెడిపోవడం కష్టం. ఆ రోజే తాగేయండి. వేడిగా పెట్టి మిగిలిపోయిన టీని ఫ్రిజ్‌లో పెట్టి ఇదే అనుకోకండి, ఆ రుచి వేరు.

అందరూ చేసే తప్పులు

ఆకును గిన్నెలో వేసి మరిగించడం మొదటిది, చెప్పేశాను.

వగరు వచ్చిందని ఆకు తగ్గించడం రెండోది. ఇది వింతగా అనిపించినా చాలా ఎక్కువ. ఆకు తగ్గించి, రంగు రాలేదని ఎక్కువసేపు నానబెడతారు. దాంతో టీ పలచగానూ వగరుగానూ తయారవుతుంది. వగరు తగ్గాలంటే ముందు సమయం తగ్గించాలి. తర్వాత వేడి. ఆకు జోలికి చివర్న వెళ్ళండి. ఒకసారికి ఒకటే మార్చండి, మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

రంగు చూసి ఆపడం మూడోది. మన కంటికి టీ అంటే ముదురు రంగు. ఈ టీ కాషాయంలో ఉన్నప్పుడే తయారైనట్టు. మీ కంటిని కాదు, టైమర్‌ను నమ్మండి.

పాలు పోయవచ్చా? పాలలోని ప్రోటీన్లు వగరుతో కలిసిపోతాయి, నిజమే. వాటితోపాటు మీరు డబ్బు పెట్టి కొన్న తేనె, ఖర్జూరం వాసనలూ పాల కింద మునిగిపోతాయి. పాల టీ తాగాలనిపించిన రోజు అస్సాం టీపొడితో కమ్మగా పెట్టుకోండి, దానికి అదే సాటి. చక్కెర కూడా మొదటి నాలుగు రోజులు మానేసి చూడండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే అర చెంచా పటికబెల్లం వేసుకోండి. మామూలు బెల్లం వద్దు, దాని వాసన టీని మింగేస్తుంది. పక్కన తినడానికి ఉస్మానియా బిస్కెట్ బాగుంటుంది. మిరపకాయ బజ్జీ వద్దు.

భోజనంతోపాటు తాగడం కూడా తప్పే. టీ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రక్తహీనత ఉన్నవాళ్ళు, గర్భిణులు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచాలి. గర్భిణులు కెఫీన్ ఎంతవరకు ఫర్వాలేదో డాక్టర్‌ను అడగాలి. నిద్ర పట్టనివాళ్ళు మధ్యాహ్నం మూడు దాటాక మానుకోండి.

జిన్ జున్ మెయ్ కొనబోయేవాళ్ళకు ఒక మాట. మొత్తం పసుపుపచ్చగా మెరిసే మొగ్గలు చూసి మోసపోకండి. తోంగ్‌ము జిన్ జున్ మెయ్‌లో నలుపే ఎక్కువ, మధ్యమధ్య బంగారు రంగు ఉంటుంది. అంతా బంగారు రంగే ఉన్నది చాలాసార్లు వేరేచోట పండిన ఆకు. అది చెడ్డ టీ అని కాదు, కానీ ఆ పేరుకు ఆ ధర పెట్టకూడదు. మొదటిసారికి శ్యావ్‌జోంగే కొనండి, తక్కువ ధరకు ఎక్కువ నేర్పుతుంది.

నిల్వ

నా మొదటి ప్యాకెట్‌ను వంటింట్లో పోపుల డబ్బా ఉన్న అల్మారాలోనే పెట్టాను, క్లిప్పు బిగించి. మూడు వారాలకు టీలో ఇంగువ వాసన. ఎంత ఆరబెట్టినా పోలేదు, సగం ప్యాకెట్ మొక్కల మట్టిలో కలపాల్సి వచ్చింది. ఇంకా చేతిలో ఉన్నట్టే గుర్తుంది ఆ ప్యాకెట్. టీ ఆకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చుకుంటుంది. మసాలాలు, సబ్బులు, అగరొత్తులు, కర్పూరం, వీటన్నిటికీ దూరంగా, వెలుతురు తగలని చోట, గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు, బయటికి తీసిన ప్రతిసారీ ఆకుకు చెమ్మ పడుతుంది. వానాకాలంలో డబ్బాను రోజూ తెరవకుండా వారానికి సరిపడా ఆకును చిన్న డబ్బాలోకి తీసుకోండి, చెంచా పూర్తిగా పొడిగా ఉండాలి. తెరవని ప్యాకెట్ ఏడాది, రెండేళ్ళు నిలుస్తుంది. తెరిచినది ఆరు నెలల్లో తాగేయడం మంచిది. ప్యాకెట్ మీద తెరిచిన తేదీ, పక్కనే మీకు నచ్చిన కొలత రాసిపెట్టుకోండి: ఎన్ని గ్రాములు, ఏ నీళ్ళు, ఎన్ని సెకన్లు.